ఇంటి లెక్కలు: బోర్డు చూసి కాదు, షెడ్డు చూసి

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లవాడికి లెక్కల్లో అత్తెసరు మార్కులు వచ్చి ఉంటాయి. కాని ఇంట్లో మిక్సీ ఆగినా, నాన్నగారి స్కూటరు మొరాయించినా విప్పేది వాడే, బిగించేది వాడే. "నేను మెకానిక్ పని నేర్చుకుంటాను" అంటాడు. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. "మెకానిక్‌కి పిల్లనెవరిస్తారు?" అని మేనత్త అందుకుంటుంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా ఈ మాటలు మారవు.

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ తగవులోకి ఈసారి నేను దిగను. నేర్పించాలని ఇంట్లో తేల్చుకున్నాక ఎక్కడ చేర్చాలన్నదే నేటి లెక్క. వృత్తి గురించి నెలల తరబడి వాదించుకున్న కుటుంబాలు కూడా, బస్టాండు గోడమీది ప్రకటన చూసి ఒక్క పూటలో ఫీజు కట్టేస్తున్నాయి. అప్పు కోసం బ్యాంకుకు వచ్చేది ఆ తరువాత.

ఇందుకు మూడు దారులున్నాయి. ఒకటి ఐ.టి.ఐ. రెండు, మూడు నుంచి ఆరు నెలల ప్రైవేటు కోర్సు. మూడు, తెలిసినవారి గ్యారేజీలో కుర్రాడిగా చేరడం.

ఐ.టి.ఐ. చదువుకు మూలమైన కేంద్ర ప్రభుత్వ పథకం 1950 నాటిది. ఇందులో మెకానిక్ మోటారు వెహికల్ రెండేళ్ల ట్రేడు, మెకానిక్ డీజిల్ ఒక ఏడాది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు వేరే ట్రేడు ఉంది. విద్యుత్ వాహనాలకూ ఇప్పుడు రెండేళ్ల ట్రేడు వచ్చింది. 2022లో సవరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాదికి 1200 గంటల శిక్షణ. అందులో 840 గంటలు చేతిపనికే. అంటే నూటికి డెబ్బై వంతులు పిల్లవాడు పానా పట్టుకుని ఉండాలి. ఏ శిక్షణనైనా తూచడానికి ఈ 840ని రాయిగా పెట్టుకోండి.

మా శాఖకు ఒక తండ్రి వచ్చారు. టైల్స్ పరిచే పని ఆయనది. ఆరు నెలల కోర్సుకు ఎనభై వేలు కావాలన్నారు. "సార్, ఏసీ గదులు, కంప్యూటర్లు, ఉద్యోగం గ్యారంటీ" అని రంగుల కాగితం చూపించారు. "కాగితం సంగతి సరే, సోమవారం ఉదయం పదకొండు గంటలకు చెప్పకుండా వెళ్లి షెడ్డు చూసి రండి" అన్నాను. వెళ్లారు. ముప్పైమంది పిల్లలకు ఒకే ఇంజను, అదీ కోసి రంగులు వేసి అద్దాల పెట్టెలో పెట్టింది. పిల్లల చేతులకు గ్రీజు మరక లేదట. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆయన అప్పు తీసుకోలేదు. అబ్బాయి ఇప్పుడు ప్రభుత్వ ఐ.టి.ఐ.లో రెండో ఏడాది.

ప్రైవేటువన్నీ ఇలాగే ఉంటాయని కాదు, ప్రభుత్వానివన్నీ బంగారమనీ కాదు. బోధకుడి ఖాళీ ఏళ్ల తరబడి నింపని ప్రభుత్వ షెడ్డూ ఉంటుంది. అందుకే ఎక్కడైనా సరే, చేర్చేముందు నాలుగు విషయాలు చూడండి.

మొదటిది, బండి. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బి.ఎస్. 6 ప్రమాణంలోనే అమ్మాలి. పాత ఇంజను మీద వాల్వు, క్లచ్ నేర్చుకోవచ్చు, తప్పులేదు. కాని ఫ్యూయల్ ఇంజక్షన్ ఇంజను, లోపాన్ని చదివే స్కానరు కూడా షెడ్డులో ఉన్నాయా? ఉంటే, అవి పిల్లల చేతికిస్తారా, బీరువాలో ఉంటాయా?

రెండవది, సర్టిఫికెట్. గుర్తింపు సంస్థకు మొత్తంగా కాదు, ట్రేడుల వారీగా వస్తుంది. ఫిట్టరుకు ఉన్నచోట మోటారు మెకానిక్‌కు ఉండకపోవచ్చు. మీ పిల్లవాడి ట్రేడుకు జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుందో లేదో కాగితం మీద చూపించమనండి.

మూడవది, ఆ తరువాతి మెట్టు. 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీల్లో స్టైపెండుతో శిక్షణ పొందవచ్చు. పోయిన రెండేళ్లలో తమ పిల్లలు ఎక్కడ అప్రెంటిస్‌గా చేరారో అడగండి. వీలైతే వారిలో ఒకరితో మాట్లాడండి. చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయమూ వద్దు. చాలా రాష్ట్రాల్లో రెండేళ్ల ఐ.టి.ఐ. తరువాత పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే వీలుంది.

నాలుగవది, డబ్బు. నైపుణ్య శిక్షణకు బ్యాంకు రుణపథకం 2015లో వచ్చింది. 2024లో దాని పరిమితిని ఏడున్నర లక్షలకు పెంచారు. పరిమితి పెరిగిందని అప్పు పెంచుకోకండి. మెకానిక్ మొదటి రెండేళ్ల జీతం చిన్నది. ఆ జీతంలోంచి వాయిదా పోను ఏం మిగులుతుందో సంతకానికి ముందే రాసి చూసుకోండి. మీ కోర్సుకు పథకం వర్తిస్తుందో లేదో ఫీజు కట్టకముందే బ్యాంకులో అడగండి.

ఇక మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. "విజయవాడ ఆటోనగర్‌లో మామయ్య షెడ్డు ఉంది, అక్కడికి పంపుదాం" అనేవారు చాలామంది. ఆటోనగర్ పనితనం గొప్పదే, కాదనను. కాని కుర్రాడు రేపు షెడ్డు పెట్టేది హోసూరులో అయితే, అరువిచ్చే స్పేర్ పార్టుల కొట్టు, నమ్మి బండి వదిలే ఖాతాదారు, లోపం చెప్పుకునే డ్రైవరు అందరూ ఇక్కడివాళ్లే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడే మన పిల్లలకు అది పెట్టుబడి లేని ఆస్తి. పైగా హోసూరు చుట్టూ అశోక్ లేలాండ్, టి.వి.ఎస్. వంటి కర్మాగారాలున్నాయి. బరంపురం ఐ.టి.ఐ. పిల్లలు తుక్కు ఇనుముతో చేసిన శిల్పాలకు పేరు తెచ్చుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకోకండి. స్థానికత ధ్రువపత్రం మాత్రం దరఖాస్తుల కాలానికి ముందే తీసి ఉంచుకోండి.

గ్యారేజీ దారి పట్టినవారికి కూడా తలుపు మూసుకోలేదు. పని వచ్చినవారిని పరీక్షించి, నేర్చిన పనికి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ పథకాల్లో ఉంది. కాని పదో తరగతి పూర్తికాకుండా ఎవరినీ పంపకండి. మోటారు మెకానిక్ ట్రేడుకైనా, ఆపై చదువుకైనా ఆ కాగితమే ఆధారం.

మేనత్తగారి ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. రుణం కోసం మా బల్ల ముందు కూర్చున్నవాడి చేతిలో ఏ పని ఉంది, దాన్నుంచి నెలకు ఎంత వస్తుంది అని అడుగుతాం గాని, ఆ చేతికి గ్రీజు అంటిందా అని ఏ బ్యాంకూ అడగదు.