ఎదుటివాడి సంతోషంలో మన వంతు

కష్టంలో వున్నవాణ్ణి ఓదార్చటం గొప్ప గుణమే. కాని అంతకంటే కష్టమైన పని మరొకటి వుంది. అది ఎదుటివాడికి మేలు జరిగినప్పుడు మనసారా సంతోషించటం. చావింటికి ఎవరూ పిలవకపోయినా వెళ్తాం. అదే ఫలితాలు వచ్చిన రోజున పక్కగది మిత్రుడికి ఫస్టుక్లాసు వచ్చి మనకు రాకపోతే, వాడి తలుపు తట్టటానికి కాళ్ళెందుకు బరువెక్కుతాయి? ఒక సంఘం నిజంగా సంఘమా, లేక ఉత్త గుంపా అని తేల్చేవి ఇటువంటి రోజులేనని నా అభిప్రాయం.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పల్లెటూరి చర్చిలో పెరిగినవాణ్ణి. మతబోధ చెయ్యటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒకరినొకరు ప్రోత్సహించుకోవటం, సంతోషాన్ని కలిసి అనుభవించటం అనే విద్యను మా పల్లె సంఘాలు ఎలా నేర్పాయో, ఆ విద్య ఇప్పుడు ఎక్కడ మరుగున పడుతోందో చెప్పాలని మాత్రమే నా ఆశ.

మా వాడుకలో ఒక తమాషా వుంది. లోకంలో 'హెచ్చరిక' అంటే ప్రమాదం, జాగ్రత్త అని అర్థం. మా ప్రార్థన కూడికల్లో మాత్రం ఎవరైనా నాలుగు ధైర్యవచనాలు చెబితే, "మంచి హెచ్చరిక చేశారండీ" అంటారు. తప్పు దిద్దటం, వెన్ను తట్టటం రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి వున్నాయి. ఇది నాకు సబబుగానే తోస్తుంది. తప్పు చెప్పే చనువు లేనివాడి మెచ్చుకోలు పొగడ్త అవుతుందే గాని ప్రోత్సాహం కాదు.

కోతల పండుగ సంగతి చూడండి. పంట చేతికొచ్చాక ఎవరికి కలిగినది వాళ్ళు చర్చికి తెస్తారు. వడ్ల బస్తా తెచ్చేవారు, కోడిపుంజు తెచ్చేవారు, పెరట్లో కాసిన ఒక్క సొరకాయ తెచ్చేవారు. ఆరాధన కాగానే వేలంపాట. సంతలో ఎవరూ ముట్టుకోని సొరకాయను ఒకాయన పదింతల ధరకు పాడుకుంటాడు. పాడుకుని ఇంటికి పట్టుకుపోడు, తిరిగి సంఘానికే ఇచ్చేస్తాడు! దాన్ని మళ్ళీ ఇంకొకరు పాడతారు. ఒకటే నవ్వులు, కేకలు. ఆర్థికశాస్త్రం చదివే మిత్రులు దీన్ని తెలివితక్కువ బేరమంటారేమో. కాని ఆ కాయ తెచ్చిన ముసలమ్మ ముఖం చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. తన పెరటి కాయ కోసం ఊరు ఊరంతా పోటీ పడింది! ఆవిడకు దక్కింది దానం కాదు, గౌరవం.

అలాగే ఆదివారం సాక్ష్యాలు. కొడుకు పదో తరగతి గట్టెక్కాడని ఒక తల్లి లేచి నిలబడి కృతజ్ఞత కానుక ఇస్తుంది. అదే చాప మీద, కొడుకు పరీక్ష తప్పిన తల్లి కూడా కూర్చుని వుంటుంది. ఆ ప్రార్థనకు ఆవిడ కూడా 'ఆమెన్' అనాలి. అంటుంది కూడా. ఆ ఒక్క మాట వెనుక ఎంత పెనుగులాట వుంటుందో ఊహించండి. అయితే పైవారం ఆవిడ కొడుకు కోసం ప్రార్థించేటప్పుడు మొదట గొంతు కలిపేది ఆ మొదటి తల్లే. దీన్నే నేను పరస్పర ప్రోత్సాహం అంటాను.

చరిత్రలోకి తొంగిచూసినా ఇదే కనిపిస్తుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని గొప్పగా చెప్పుకుంటాం. కాని నన్ను ఆకర్షించే అంకె అది కాదు, అయిదు. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థనకు చేరినవాళ్ళు అయిదుగురే. జ్యూయెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు. నెల్లూరు మిషన్‌ను వుంచాలా, మూసెయ్యాలా అని అమెరికాలో తర్జనభర్జనలు జరుగుతున్న కాలమది. ఆ కొండ మీద దొర మనవాళ్ళకు ధైర్యం చెప్పాడా, మనవాళ్ళు దొరకు చెప్పారా? రెండూ జరిగే వుంటాయని నా నమ్మకం.

1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఈ విషయాన్నే తేల్చి చెప్పారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైంది ఈయనే. మిషనరీల సేవను, త్యాగాన్ని ఒప్పుకుంటూనే, వాటితోపాటు మాకు మీ స్నేహం కూడా కావాలని ఆయన సభాముఖంగా అడిగారు. ఆ మాట అందరికీ రుచించలేదు. సహాయం పైనుంచి కిందికి దిగుతుంది. స్నేహం మాత్రం ఎదురుబొదురుగా కూర్చుంటుంది. ఆయన అడిగింది ఆ కూర్చోవటాన్నే.

మరి ఈనాడు మన సంగతేమిటి? సభలు పెద్దవయ్యాయి. వేదికలు ఎత్తయ్యాయి. మైకు ఒక్కరి చేతిలోనే వుంటుంది. వేలమంది విని, చప్పట్లు కొట్టి, పక్కన కూర్చున్నవాడి పేరైనా అడక్కుండా ఇంటికి పోతున్నారు. సెల్‌ఫోనులో ఎవరి శుభవార్తకైనా 'ఆమెన్' అని పంపటం ఒక్క క్షణం పని. వాళ్ళింటికి వెళ్ళి టీ తాగి రావటానికి మాత్రం తీరిక లేదు. ఇక కులం మాట ఎత్తకపోతే నేను నిజం దాచినట్టే. ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరించిన వాళ్ళం, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కులం వెతుక్కుంటాం. ఎవరి ఇంటి సంతోషంలో మనకు పీట వెయ్యరో, వాళ్ళతో మనకున్నది సహవాసమా?

"బతుకే కష్టంగా వుంటే సంతోషమెక్కడిది?" అని కొందరు అడగవచ్చు. పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసింది బంధకాల్లో వుండి. అయినా ఆ ఉత్తరం నిండా సంతోషమే వినిపిస్తుంది. అంతేకాదు, ఫిలిప్పీవాళ్ళు పంపిన సహాయానికి కృతజ్ఞత కూడా అందులో వుంది. అంతటి బోధకుడే తన శిష్యులవల్ల తాను ఆదరణ పొందానని ఒప్పుకున్నాడు. ఇచ్చేవాడు పుచ్చుకోవటం కూడా నేర్చుకుంటేనే సంతోషం పుడుతుంది. దానికి మంచిరోజులు రావాలన్న నియమం లేదు.

సోదర విద్యార్థులారా! ఇది ఒక్క క్రైస్తవుల గొడవ అనుకోకండి. మన హాస్టలు కూడా ఒక సంఘమే. ఈసారి ఫలితాలు వచ్చిన రోజున రెండు తలుపులు తట్టండి. ఒకటి తప్పినవాడిది, రెండోది మిమ్మల్ని దాటిపోయినవాడిది. మొదటి తలుపు తట్టటానికి జాలి చాలు. రెండోది తట్టటానికి ప్రేమ కావాలి. ఆ రెండో తలుపు దగ్గర నవ్వు ముఖంతో నిలబడగలిగిన నాడు, మనం చదివిన చదువుకూ, చేసిన ప్రార్థనకూ అర్థం వుందనుకోవచ్చు.