లెక్కల పురి, కొలుచు కుంచము

పామిడిముక్కల ప్రాంతపు సోదరి యొకరు తమ డ్వాక్రా సంఘమునకు సంబంధించిన రెండు కాగితములను మాకు పంపి, "ఇందేది నిజము?" అని యడిగిరి. రెండును ఒకే నెలవి. ఒకదానిలో సంఘము బకాయి పడినదని యున్నది. రెండవదానిలో బకాయి లేదు. బ్యాంకులో క్రొత్త ఋణ మడుగబోవు వేళ ఇట్టి చిక్కు వచ్చుట స్వల్పవిషయము కాదు. అందరి పరువును ఆ యొక్క గడిలో నున్నది.

మేము విచారింపగా తేలినదేమనగా, వాయిదా దాటిన మరునాటినుండియే మొదటి కాగితము బకాయిగా లెక్కించినది. 90 దినములు దాటినగాని ఋణము చెడినట్లెంచని బ్యాంకుల పద్ధతిని రెండవది యనుసరించినది. సంఘము వారు చెల్లించుట పది దినములు మాత్రమే ఆలస్యమైనది. అబద్ధమాడినవా రెవరును లేరు. ఒక మాటకు రెండర్థములు చెప్పుకొనిరి, అంతియే.

ఊరూర వ్రాసిన లెక్కలను ఒక్కచోటికి చేర్చి, తాలు పోవ చెరిగి, ఏండ్ల తరబడి నిలువయుంచు చోటును డేటా వేర్‌హౌస్ అందురు. మన ధాన్యపు పురి వంటిదని తలపుడు. దానినుండి పట్టికలను, రేఖాపటములను తీసి చూపు పనిముట్లు వేరు. ఏది మంచిదని కంప్యూటరు చదివిన మన పిల్లలు వాదులాడుకొనుచుందురు. ఆ వాదమును మనమును కొంత తెలిసికొనుట మంచిది.

పవర్ బీఐ మైక్రోసాఫ్టు వారిది, 2015లో వెలువడినది. ఎక్సెల్ తెలిసినవారికి త్వరగా పట్టుపడును. కాగితము తయారుచేయు భాగము ఉచితమేగాని, పదిమందితో పంచుకొనుటకు మనిషి కింతయని చందా కట్టవలెను. ఇది తరచు పురిలోని లెక్కకు నకలు తీసి తనయొద్ద నుంచుకొనును. ప్రో చందాలో ఆ నకలును దినమునకు ఎనిమిదిసారుల వరకు తాజాపరచునట్లు ఏర్పరుపవచ్చును. నెలకొకమారు లెక్క చూచుకొను సంఘమునకు అది యెక్కువే. టాబ్లో 2003లో పుట్టి, 2019లో సేల్స్‌ఫోర్సు వారి చేతికి వచ్చినది. రేఖాపటములు గీయుటలో దీని పనితనము మిక్కిలి చక్కనిది. తయారుచేయువారి చందా మాత్రము బరువైనది. మాకు రంగుల పటముకంటె తిన్నని పట్టికయే ప్రియమని చెప్పక తప్పదు.

సూపర్‌సెట్ 2015లో ఎయిర్‌బీఎన్‌బీ సంస్థలో ఆరంభమై, నేడు ఎవరైనను ఉచితముగా వాడుకొన దగియున్నది. ఇది లెక్క నంతటిని నకలు తీసికొనక, నేరుగా పురినే యడుగును. చందా లేదుగదా యని మురియువారు, సర్వరును కనిపెట్టియుండు మనిషి జీతమును మరచుచుందురు.

ఇంతకును సోదరి చిక్కును వీనిలో నేది తీర్చును? ఏదియు తీర్చదు. తయారుచేయువాడు ఎవని కాగితములో వాడు బకాయికి తన యర్థము వ్రాసికొనుటకు ఈ మూడును ఎడమిచ్చును. ఆ యర్థమును పురిలోనే ఒక్కసారి స్థిరపరచి, అన్ని కాగితములును దానినే తీసికొనునట్లు చేయవలెను.

జిల్లాల సంగతియు నిట్టిదే. 2022 ఏప్రిల్ 4న కృష్ణాజిల్లా విభజింపబడినది. విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు పోయినది, పామిడిముక్కల కృష్ణాలోనే నిలిచినది. ఏ యూరు ఏ తేదీవరకు ఏ జిల్లాదో పురిలో వ్రాసియుంచనిచో, 2021 లెక్కప్రక్క 2023 లెక్క పెట్టినప్పుడు కృష్ణాజిల్లా పొదుపు కూలిపోయినట్లు కనబడును. ఎంత ఖరీదైన పనిముట్టును ఆ తప్పును అందముగా చూపునే గాని దిద్దలేదు.

అయినను పనిముట్టును బట్టియుండు విషయ మొకటి కలదు. తెరపై తెలుగును చక్కగా చూపి, అచ్చుకాగితమునకు మార్చునప్పుడు ఒత్తులను విరిచివేయునవి కొన్ని గలవు. పామిడిముక్కల యను పేరే దీనికి మంచి పరీక్ష. క క్రింద ఒత్తు కుదురుగా నున్నదో, పొల్లుపడి ప్రక్కకు జారినదో, వెల యడుగుటకు ముందే ఒక కాగితము అచ్చువేయించి చూచుకొనవలెను.

రెండు కాగితములను, సంఘపు పాసుపుస్తకమును తీసికొని బ్యాంకునకు వెళ్లి, బకాయియను మాటకు అర్థమును ప్రతి కాగితము క్రిందను వ్రాయించుకొనుడని ఆ సోదరికి జాబు వ్రాసితిమి.