చిన్నారులకు చక్కెర లేని పండ్ల పెరుగు

దివ్య ఖుర్ఆన్‌లోని సూరె నహ్ల్ 66 నుంచి 69 వరకు గల ఆయత్‌లలో పాలు, ఖర్జూరం, ద్రాక్ష, తేనె ప్రస్తావన వరుసగా వస్తుంది. అల్లాహ్ ప్రసాదించిన ఇన్ని తీపి వరాలుండగా పసివారి పెరుగులో చక్కెర కలపవలసిన పని లేదు. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర అలవాటు చేయరాదని వైద్యులూ చెబుతారు.

అర లీటరు పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు పెరుగుతో తోడు వేయాలి. ఆదిలాబాద్ చలికాలంలో గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టి ఉంచడం మంచిది. తోడుకున్న పెరుగును పులియకముందే పలుచని శుభ్రమైన గుడ్డలో గంటసేపు వేలాడదీస్తే గట్టిపడుతుంది.

కప్పు పెరుగుకు రెండు ఖర్జూరాల గింజలు తీసి, వేడినీటిలో అరగంట నానబెట్టి మెత్తగా నూరి కలపాలి. వేసవిలో జగిత్యాల మామిడి గుజ్జు, చలి మొదలయ్యే వేళ ఆదిలాబాద్ సీతాఫలం, ఎప్పుడైనా అరటిపండు చేర్చవచ్చు. సీతాఫలాన్ని మిక్సీలో వేయకుండా చేత్తోనే గింజలన్నీ ఏరివేయాలి. ఆ గింజలు గొంతుకు అడ్డుపడతాయి, నలిగితే హాని చేస్తాయి. పండు తినిపించే ముందే కలపాలి.

మరి తేనె కలపవచ్చునా? తేనెలో స్వస్థత ఉందని మనం విశ్వసిస్తాము. అయినా ఏడాది నిండని బిడ్డకు చుక్కైనా నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు పసి పేగులలో పెరిగి బొటులిజం అనే ప్రమాదకర వ్యాధిని కలిగించవచ్చు. దైవప్రవక్త (స) ఖర్జూరంతో తహ్నీక్ చేసినట్లు హదీసులు తెలుపుతున్నాయి. తేనె నాకించమనే పెద్దలకు ఈ సంగతిని మృదువుగా విన్నవించాలని తల్లులకు మా మనవి.