రెండు పెట్టలకు ఒకే గంప వద్దు

సంక్రాంతి దాటింది. పల్లెల్లో నాటుకోడి పెట్టలు ఒకదాని వెనుక ఒకటి పొదుగుకు వస్తున్నాయి. రెండు పెట్టలు ఒకేసారి ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంటే, చోటు కలిసొస్తుందని రెంటినీ ఒకే గంపలో కూర్చోబెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పటికే కూర్చోబెట్టి ఉంటే ఈ రాత్రే, చీకట్లో, వేరు చేయండి.

ఒకే గంపలో గుడ్లు దీని కింది నుంచి దాని కిందికి దొర్లుతాయి. తోపులాటలో కొన్ని పగులుతాయి, కొన్ని అంచుకు జరిగి చల్లబడతాయి. ఒక పెట్ట మేతకు దిగి వచ్చేసరికి దాని గుడ్లన్నిటినీ రెండోది పొట్ట కిందికి లాక్కుంటుంది. పది పన్నెండు గుడ్లు కప్పే పెట్ట ఇరవై గుడ్లను ఎలా కప్పుతుంది?

అసలు ప్రమాదం గుడ్లు పగిలే రోజున. పొదగడానికి 21 రోజులు పడుతుంది. గంపలు వేరైనా, రెంటినీ వేర్వేరు రోజుల్లో పొదగవేస్తే, పక్క గంపలో పిల్లల అరుపులు వినగానే రెండో పెట్ట తన గుడ్లు వదిలేసి లేచిపోవచ్చు. రెండు రోజుల్లో బయటపడాల్సిన పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతాయి. అందుకే రెంటికీ ఒకే రోజు గుడ్లు వేయండి. గంపలు ఒకదానికొకటి కనబడకుండా పెట్టండి. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. వేసుకోండి, కాదనను. ఆ చేత్తోనే కాస్త పొయ్యి బూడిద కూడా చల్లండి. పేలు పట్టిన పెట్ట గుడ్ల మీద నిలవదు.

పిల్లలు బయటికొచ్చాక, రెండు గుంపులూ ఒకే ఈడువైతే కొన్ని తల్లులు కలిసే మేపుతాయి. అది నిజంగా చూడముచ్చటే. అన్ని పెట్టలూ అలా ఉండవు మరి. తన పిల్లల్ని గుర్తుపట్టిన తల్లి పరాయి పిల్లను నెత్తిన పొడుస్తుంది. అంత చిన్న పిల్లకు గట్టి పోటు ఒక్కటి చాలు. నెత్తిన నూగు ఊడిన పిల్ల కనబడినా, ఒక పిల్ల గుంపుకు దూరంగా ఆగకుండా అరుస్తున్నా, సందెవేళ పిల్లలన్నీ ఒకే తల్లి కిందికి తోసుకుంటూ రెండోది ఖాళీగా కూర్చున్నా, వెంటనే వేర్వేరు గంపల కింద మూయండి. రేపు చూద్దాం అనుకోవద్దు. చలి రాత్రి తల్లి రెక్క కింద చోటు దొరకని పిల్ల తెల్లారేసరికి బిగుసుకుపోతుంది.

ఒక తల్లి పిల్లల్ని మరోదానికి అప్పగించక తప్పకపోతే, పుట్టిన ఒకటి రెండు రోజుల్లోపే, రాత్రిపూట, పొట్ట కిందికి మెల్లగా జార్చండి. తెల్లవారుతూనే వెళ్లి చూడండి. వారం దాటిన పిల్లలతో ఈ ప్రయత్నం వద్దు.

తల్లులు రెండూ కలియబడితే పిల్లలు చెల్లాచెదురవుతాయి. గద్దకు, కాకికి, ముంగిసకు కావలసింది అదే. పొట్లాటలో నీళ్ల గిన్నెలో పడి చచ్చే పిల్లలూ ఉంటాయి. లోతు లేని మూకుడు పెట్టి, అందులో గులకరాళ్లు వేయండి.

కలిసి తిరిగే గుంపుల్లో కొక్కెర తెగులు చకచకా పాకుతుంది. వారం లోపు పిల్లలకు లసోటా టీకా చుక్కలు వేయమని పశువైద్యశాలలో ఇప్పుడే అడగండి. రెక్కలు వాల్చి, ఆకుపచ్చగా పారుకుంటున్న పిల్లను ఆ పూటే వేరు చేయండి.

ఇంకొక్కటి. రెండు తల్లుల్లో ఒకటి ముందే మళ్లీ గుడ్డుకు వచ్చి పిల్లల్ని తరమడం మొదలుపెడుతుంది. మిగిలిన తల్లి అన్నిటినీ కప్పలేదు. ఈకలు పూర్తిగా రాని పిల్లలుంటే ఆ రాత్రి నుంచే అట్టపెట్టెలో ఊక పరచి, బల్బు కింద ఉంచండి. బల్బు అట్టకు గానీ ఊకకు గానీ తగలకుండా ఎత్తున గట్టిగా కట్టండి.