చుట్టమై వచ్చి.. ఇల్లు వదలకుంటే!

* ఎన్నేళ్ళు ఉచితంగా ఉన్నా యాజమాన్య హక్కు రాదు
* కన్నబిడ్డలైతే ఆర్డీవో వద్దకు.. ఇతర బంధువులైతే సివిల్ కోర్టుకు
* బలవంతంగా వెళ్ళగొడితే అసలుకే మోసం

'చుట్టమై వచ్చి దయ్యమై పట్టినట్లు' అన్న సామెత నేడు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో అనేక కుటుంబాల అనుభవంగా మారుతోంది. పిల్లలు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో తరలిపోగా సొంత ఇంట ఒంటరిగా మిగిలిన వృద్ధులకు తోడుగా ఉంటామంటూ బంధువులు చేరుతున్నారు. చదువు నిమిత్తం వచ్చిన మేనల్లుడు, వ్యాపారంలో నష్టపోయి నాలుగు నెలలు తలదాచుకుంటానన్న మరిది, అద్దె భారమై తిరిగి వచ్చిన కొడుకు.. గడువు ముగిసినా కదలని సందర్భాలు అనేకం. మొదట ముందుగది ఇచ్చిన పెద్దలు క్రమేణా వెనుక వసారాకు పరిమితమవుతున్నారు. పొమ్మనడానికి నోరు రాదు. ఉండనిస్తే మనశ్శాంతి లేదు. బయటికి చెబితే పరువు పోతుందన్న సంకోచంతో ఏళ్ళ తరబడి మౌనం వహిస్తున్నారు.

ఆ మౌనాన్నే కొందరు ఆయుధంగా మలచుకుంటున్నారు. 'పన్నెండేళ్ళు దాటాయి, ఇక ఇల్లు నాదే' అని బెదిరించే వారికి, ఆ మాట నమ్మి బెంబేలెత్తే వారికి కొదవ లేదు. నిజానికి చట్టం చెబుతున్నది వేరు. అయితే ఏ తలుపు తట్టాలో తెలియక, తొందరపాటుతోనో జాప్యంతోనో యజమానులే చిక్కుల్లో పడుతుండడం గమనార్హం.

అనుమతి వేరు.. హక్కు వేరు

కాలపరిమితి చట్టం-1963 ప్రకారం స్థిరాస్తిని తిరిగి పొందేందుకు దావా వేయడానికి 12 ఏళ్ళ గడువు ఉన్న మాట వాస్తవమే. ఆ గడువు లెక్కింపు మొదలయ్యేది మాత్రం యజమాని హక్కును ధిక్కరించి, ఆస్తి తనదేనని బాహాటంగా అనుభవిస్తున్న నాటి నుంచే. యజమాని దయతో, అనుమతితో ఉంటున్న వ్యక్తికి ఇది వర్తించదు. పన్నెండేళ్ళు కాదు, పాతికేళ్ళు ఉన్నా అనుమతి అనుమతిగానే మిగులుతుంది.

గోవాలోని ఒక ఇంటిపై తోబుట్టువుల మధ్య నడిచిన వివాదంలో 2012 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో దారిదీపం వంటిది. సోదరి ఇంట సంరక్షకుని హోదాలో ఉన్న సోదరుడు ఇంటిపై హక్కు కోరాడు. బంధువుగా, స్నేహితుడిగా, సంరక్షకుడిగా, పనివాడిగా ఉచితంగా నివసించే వ్యక్తికి దశాబ్దాలు గడిచినా ఆస్తిపై ఏ హక్కూ సంక్రమించదని న్యాయస్థానం స్పష్టం చేసింది. యజమాని కోరినపుడు ఖాళీ చేయవలసిందేనని పేర్కొంది.

అద్దె ప్రస్తావన వస్తే మాత్రం పరిస్థితి మారుతుంది. ఖర్చులకని నెలనెలా కొంత సొమ్ము పుచ్చుకుంటే, దానినే అద్దెగా చూపి కౌలుదారు హక్కు కోరే అవకాశం ఉంది. నెలవారీ అద్దె ఒప్పందం రద్దుకు ఆస్తి బదిలీ చట్టం ప్రకారం సాధారణంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కనుక పుచ్చుకున్న సొమ్ము ఎందుకన్నది ఆదిలోనే కాగితంపై ఉండడం ఉభయులకూ క్షేమం.

ఎవరిపై ఎక్కడికి?

బాధితులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007 కింద రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ట్రైబ్యునల్ పనిచేస్తుంది. దానిపై అప్పీలు జిల్లా కలెక్టర్ వద్దకు వెళ్తుంది. కొడుకులు, కూతుళ్ళు, మేజర్లైన మనుమలు, మనుమరాళ్ళ వేధింపులపై తల్లిదండ్రులు ఇక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. న్యాయవాదిని నియమించుకోవలసిన నిర్బంధం లేదు. నడవలేని స్థితిలో ఉంటే తాము అధికారమిచ్చిన వ్యక్తి ద్వారా లేదా స్వచ్ఛంద సంస్థ ద్వారా దరఖాస్తు పంపవచ్చు.

మేనల్లుడు, మరిది వంటి వారి విషయంలో ఈ చట్టం పరిధి పరిమితం. సంతానం లేని 60 ఏళ్ళు దాటిన వ్యక్తికి వారసుడై, ఆ ఆస్తిని అనుభవిస్తున్న లేదా భవిష్యత్తులో పొందబోయే వారినే ఇది 'బంధువు'గా గుర్తిస్తోంది. పిల్లలున్న వృద్ధురాలి ఇంట తిష్ఠ వేసిన మేనల్లుడు ఈ నిర్వచనంలోకి రాడు. అతనిపై లిఖితపూర్వకంగా అనుమతి ఉపసంహరించుకుని, గడువు ఇచ్చి, ఆపై సివిల్ కోర్టులో స్వాధీనం కోసం దావా వేయాలి. ఈ తేడా తెలియక ఆర్డీవో కార్యాలయం చుట్టూ తిరిగి నెలలు నష్టపోయే ప్రమాదం ఉంది.

కన్నబిడ్డల విషయంలోనూ ఖాళీ ఉత్తర్వు ఖాయమని భావించరాదు. వృద్ధుల రక్షణకు అవసరమైతే ట్రైబ్యునల్ ఖాళీ చేయించవచ్చని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు పేర్కొంది. 2025 మార్చిలో మరో కేసులో, ప్రతి సందర్భంలోనూ అది తప్పనిసరి కాదంటూ కుమారుడిని ఖాళీ చేయించేందుకు నిరాకరించింది. అందువల్ల వేధింపు జరిగిన తేదీలు, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులు, వైద్య పత్రాలు అర్జీకి జతపరచడం ముఖ్యం.

ఇల్లు ఇప్పటికే రాసిచ్చిన వారికీ మార్గం ఉంది. తమను చూసుకోవాలన్న షరతుతో చేసిన దానపత్రాన్ని, ఆ షరతు ఉల్లంఘిస్తే 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. షరతు ఉన్నట్లు నిరూపణ కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో స్పష్టం చేసింది. దస్తావేజులోనే ఆ ఒక్క వాక్యం రాయించుకుంటే రేపటి వివాదం సగం తగ్గినట్లే.

కోడలి నివాసం.. పిత్రార్జితం

రెండు సందర్భాల్లో మరింత జాగ్రత్త అవసరం. గృహహింస నిరోధక చట్టం-2005 కింద కోడలికి ఉమ్మడి నివాస గృహంలో ఉండే హక్కు ఉంది. ఆ ఇల్లు అత్తమామల పేరిట ఉన్నా ఈ హక్కు వర్తించవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కొడుకుతో ఉన్న తగవుకు కోడలిని వీధిన పడవేసేందుకు వృద్ధుల చట్టాన్ని వాడుకోరాదని అదే ఏడాది డిసెంబరు తీర్పు సారాంశం. రెండోది పిత్రార్జితం. ఉమ్మడి ఆస్తిలో వాటా ఉన్న వ్యక్తిని అక్రమ నివాసిగా పరిగణించలేరు. అక్కడ పరిష్కారం భాగపంపిణీయే.

తాళం మారిస్తే తంటా

విసిగిపోయిన కుటుంబాలు సామాన్లు బయట పడవేయడం, కరెంటు తీగ కత్తిరించడం, నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి తాళం మార్చడం వంటి పనులకు దిగడం కద్దు. ఇది న్యాయబద్ధమైన కేసును చేజేతులా పాడుచేసుకోవడమే. చట్టప్రకారం కాకుండా బలవంతంగా స్వాధీనం తప్పిన వ్యక్తి ఆరు నెలల లోపు ప్రత్యేక ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద దావా వేయవచ్చు. అందులో ఇల్లు ఎవరిదన్న చర్చకు తావులేదు. ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉండగా బలవంతం జరిగిందన్నదే ప్రశ్న. పైగా దౌర్జన్యం కేసు అదనం.

పోలీసులు సైతం ఇటువంటి తగవులను సివిల్ వ్యవహారమని పక్కన పెట్టడం పరిపాటి. ఖాళీ చేయించడం వారి పని కాదు. కొట్టడం, చంపుతామని బెదిరించడం, తిండి నీళ్ళు అందకుండా చేయడం వంటివి మాత్రం నేరాలే. అటువంటపుడు 112కు ఫోన్ చేయాలి. వయోవృద్ధుల సహాయానికి 14567 నంబరు పనిచేస్తోంది.

గ్రామకంఠంలో మరో చిక్కు

పట్టణాల్లో రిజిస్టర్డు దస్తావేజు ఉంటుంది. పల్లెల్లో గ్రామకంఠం ఇళ్ళకు అనేకమంది వద్ద పంచాయతీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప మరేమీ ఉండదు. ఇవి పూర్తిస్థాయి హక్కు పత్రాలు కాకపోయినా వివాదం వచ్చినపుడు సాక్ష్యాలుగా అక్కరకు వస్తాయి. ఇంట్లో ఉంటున్న బంధువు 'నేను కడతాలెండి' అంటూ పన్ను తన పేరిట మార్పించుకుంటే ఆ సాక్ష్యమూ చేజారుతుంది. గ్రామాల్లోని ఇళ్ళ స్థలాలకు ఆస్తి పత్రాలు ఇచ్చేందుకు 2020లో కేంద్రం స్వామిత్వ సర్వే ప్రారంభించింది. ఇటువంటి సర్వే సమయంలో యజమాని ఊళ్ళో లేకుంటే గుమ్మంలో ఉన్న మనిషి పేరే చెప్పుకునే వీలుంది. కాలయాపన వల్ల హక్కు పోకపోవచ్చు గాని, దానిని నిరూపించే కాగితాలు, నాటి మాట ఎరిగిన పెద్దమనుషులు ఒక్కొక్కరుగా కనుమరుగవుతారు.

కోరవలసింది యజమానే

విదేశాల్లో ఉన్న పిల్లలు ఫోన్‌లో హెచ్చరించినంత మాత్రాన ప్రయోజనం లేదు. ఇల్లు తల్లి స్వార్జితమైతే ఆమె జీవించి ఉండగా దానిపై పిల్లలకూ హక్కు లేదు. నోటీసు ఆమె ఇవ్వాలి, లేదా ఆమె అధికారపత్రం పొందిన వ్యక్తి ఇవ్వాలి. ఇల్లు ప్రవాసుల పేరిట ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన అధికారపత్రం పంపి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు రుసుము చెల్లించాలి.

మరో కోణమూ విస్మరించరానిది. రాత్రివేళ ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మందులు వేసి, మంచాన పడితే సేవలు చేసినవాడు ఆ మేనల్లుడే కావచ్చు. ఏడాదికోసారి వచ్చే పిల్లలకు అతడు ఆక్రమణదారుగా కనిపించవచ్చు. పెద్దావిడ మనసులో ఏముందో ఏకాంతంగా అడిగి తెలుసుకోకుండా నోటీసు పంపడం మరో అన్యాయానికి దారితీస్తుంది. అతడు ఉండాలని ఆమె కోరితే ఏ గది, ఎంతకాలం, ఏ ఖర్చు ఎవరిదన్నది రాసుకోవడమే ఉచితం. వద్దనుకుంటే ఆ మాటా ఆమె సంతకంతోనే వెలువడాలి.

కోర్టుకెక్కితే బంధుత్వం తెగుతుందని జంకే వారికి మండల న్యాయసేవాధికార సంఘాలు మధ్యేమార్గం. ఖాళీ చేసేందుకు గడువు, రవాణా ఖర్చు వంటి అంశాలపై లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు. ఊరి పెద్దల సమక్షంలో రాసుకున్న కాగితానికి ఆ బలం లేదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. 15100కు ఫోన్ చేసి వివరాలు పొందవచ్చు.

చట్టం ఉన్నా దానిని అమలు చేసే ఆర్డీవోలకు భూవివాదాలు, ఎన్నికలు, శాంతిభద్రతల వంటి బాధ్యతలు తలకు మించి ఉన్నాయి. ఉత్తర్వు వెలువడినా తహసీల్దారు, పోలీసులు కదిలితేనే ఫలితం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్విభజన తరువాత తమ మండలం ఏ డివిజన్ కిందికి వచ్చిందో తెలియని వృద్ధులు సైతం ఉన్నారు. ఏ అర్జీ ఎక్కడ ఇవ్వాలో తెలిపే ఒక్క కాగితం ప్రతి పంచాయతీ కార్యాలయం గోడపై అంటించినా వారికి కొంత ఊరట. ఈ దిశగా జిల్లా యంత్రాంగం దృష్టి సారించాల్సి ఉంది.