అరకు లోయ ట్రాక్టరు కుర్రాళ్లకు

నాయనలారా,

ఊడ్పుల రోజులొచ్చాయి. దమ్ములో బండి లాగడం మానేస్తే మీలో చాలామంది ముందు స్పానర్ పడుతున్నారు. వద్దు. బండిని మధ్యకు విడదీసే ముందు జబ్బెక్కడుందో తేల్చుకోండి. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా పెట్టిన కంపెనీ నుంచి వచ్చిన బి-275 లాంటి పాత బళ్లకు కంప్యూటరు అక్కర్లేదు, కన్నూ చెవీ చాలు.

ఇంజిన్ గోల పెరిగి బండి కదలకపోతే క్లచ్ మీద అనుమానం. చదును నేల మీద, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి, బ్రేకులు గట్టిగా తొక్కి, టాప్ గేరులో క్లచ్ పెడల్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతోంది. అప్పుడు కూడా ప్లేటు కొనడానికి పరిగెత్తకండి. పెడల్‌కు ఆట బొత్తిగా లేకపోతే రాడ్డు సర్దితేనే సరిపోవచ్చు.

తర్వాత బండి కిందికి దూరండి. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే పిన్ను ఉంటాయి. దమ్ము బురదకు అది పూడిపోతే ఎవరూ పట్టించుకోరు. బండి మొత్తంలో అంత నిజం చెప్పే చోటు ఇంకోటి లేదంటాను. పూడిక తీసి, కారే చుక్కను వేలికి రాసుకుని చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ వెనక సీలు పోయింది. తేటగా ఉంటే గేర్ బాక్సు సీలు. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ నూనె తాగి జారుతుంది.

గెడ్డ దాటిన బండికి గేర్ ఆయిల్ గేజు తీసి చూడండి. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, మార్చేయండి. మలుపులోనే మోత వస్తే డిఫరెన్షియల్ చూడాలి.

ఒకటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారుతుంటే లివరును తాడుతో కట్టి నడపడం చూశాను. పళ్లు అరిగాయో, గోళీని నొక్కే స్ప్రింగు నీరసించిందో విప్పితేనే తెలుస్తుంది. అనంతగిరి ఘాట్‌లో అలా జారిందంటే ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. పైన అల్లం బస్తాలు, వాటి మీద మీ అమ్మలూ చెల్లెళ్లూ.

బాగున్న బండినైనా ఎక్కిన గేరులోనే దించండి, దిగేటప్పుడు క్లచ్ తొక్కకండి, రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే గొళ్లెం వేసుకోండి. గేరు జారే బండి ఉన్నవాళ్లు ఈ శుక్రవారం అరకు సంతకు జీపులో వెళ్లండి.

మీ మేస్త్రి తాత