ఎత్తు తప్పు కాదు తమ్ముళ్ళూ

మొన్న హాస్టల్‌లో ఎన్‌బీఏ మ్యాచ్ చూస్తుంటే ఒక తమ్ముడు అన్నాడు, "అన్నా, ఏడడుగుల సెంటర్ల కాలం అయిపోయింది. డిఫెన్స్‌లో వాళ్ళు టీమ్‌కి బరువే" అని. ఆ మాట సగమే నిజం. అందుకే ఈ పోస్ట్. కాస్త ఓపికగా చదవండి.

పాతకాలం సెంటర్ పని రింగ్ కింద కాపలా. కానీ 2001-02 సీజన్ నుంచి, ఎవరినీ గార్డ్ చెయ్యకుండా పెయింట్‌లో 3 సెకన్లకు మించి నిలబడితే ఫౌల్. పైగా ఇప్పుడు ఎదుటి సెంటర్లు కూడా దూరం నుంచి త్రీలు వేస్తున్నారు. మనోడు బయటికెళ్తే రింగ్ ఖాళీ, లోపలుంటే షూటర్ ఖాళీ.

2021 ప్లేఆఫ్స్‌లో యూటా, క్లిప్పర్స్ ఆరో మ్యాచే చూడండి. రూడీ గోబేర్‌కి ఆ ఏడాదే మూడోసారి బెస్ట్ డిఫెండర్ అవార్డు వచ్చింది. క్లిప్పర్స్ సెంటర్ లేకుండా, ఐదుగురు షూటర్లతో ఆట మొదలుపెట్టింది. 25 పాయింట్లు వెనకబడి కూడా 131-119తో గెలిచింది. టెరెన్స్ మాన్ ఒక్కడే 39 కొట్టాడు. అందరూ గోబేర్‌నే తిట్టారు. కానీ ముందు ఓడిపోయింది ఎవరు? బయట ఉన్న యూటా గార్డులు. వాళ్ళని దాటి బాల్ లోపలికి వస్తే గోబేర్ రింగ్ దగ్గరికి పరిగెత్తాడు, బాల్ కార్నర్‌లో ఉన్న మాన్‌కి వెళ్ళింది. ఇద్దరి పని ఒక్కడి మీద పడితే ఎవడైనా ఏం చేస్తాడు?

అలాగని గోబేర్‌ని పూర్తిగా వెనకేసుకురాను. 2024 మేలో నాలుగో అవార్డు వచ్చింది. అదే నెలలో డాలస్‌తో రెండో మ్యాచ్ చివర్లో లుకా డాన్చిచ్ అతని ముందే వెనక్కి జరిగి త్రీ వేశాడు. మిన్నెసోటా 108-109తో ఓడింది. అక్కడ ఒంటరిగా దొరికాడు, పాదాలు అందుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన స్కూళ్ళలో పొడుగు పిల్లోడు కనబడితే చాలు, "రింగ్ కింద చేతులెత్తి నిలబడు" అంటాం. పక్కకి కదలడం, వంగి కాచుకోవడం నేర్పం. పెద్ద టోర్నమెంట్‌లో చురుకైన గార్డు వాణ్ని బయటికి లాగి దాటేస్తే, "పొడుగే గానీ పనికిరాడు" అని నవ్వుతాం. ఆ మాటకే ఆట మానేసిన వాళ్ళు నాకు తెలుసు.

జూనియర్లకి ఆట నేర్పే అన్నలూ అక్కలూ, పొడుగు పిల్లలకి ముందు కాళ్ళ పని నేర్పండి. గార్డులకి కూడా చెప్పండి, వెనకాల పొడుగోడున్నాడని నీ మనిషిని వదిలెయ్యొద్దని. మీరేమంటారో రాయండి.